మూత యంత్రం దగ్గరే ఉంది

స్తెఫాను తినగరన్ అబద్ధం ఆడడన్నది మలేసియాలోని సుంగై పెటానిలో ఎవరూ కాదనలేని సంగతి. ఒకసారి బీమా ఏజెంటు ఇంటికొస్తే, తాను లేనని చెప్పమని భార్య గుణవతి వంటింట్లోంచి సైగ చేసింది. తినగరన్ గుమ్మంలో నిలబడి, "ఇంట్లోనే ఉన్నాది. లేనని సెప్పమంటంది" అని ఉన్నదున్నట్టు విన్నవించాడు. గుణవతి వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. సంఘం మాత్రం ఆయన్ని ఏకగ్రీవంగా పెద్దగా ఎన్నుకుంది.

సంఘమంటే, కాఫీ కొట్టు పైన మేడ మీద ఆదివారాలు ఆరాధనకు కూడే అరవై మంది. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకు వచ్చినవాళ్లు సగం, తెలుగు అర్థమైనా జవాబు తమిళంలో చెప్పేవాళ్లు సగం. తినగరన్ ఇరవయ్యేళ్ల వయసులో బాప్తిస్మం తీసుకుని స్తెఫాను అయ్యాడు. ఇప్పుడు యాభై దాటాయి. చేతి తొడుగుల ఫ్యాక్టరీలో భద్రతాధికారి. రోజూ నలభై యంత్రాలు తిరిగి చూసి, అన్నీ క్షేమమని కాగితం మీద సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం.

మొదటి తప్పు పూర్తిగా దేవుని పని మీదే జరిగింది. కొండ మీద మూడు రోజుల కూటాలు పెట్టారు. ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు.

"ఎం.సీ. పెట్టెయ్ లా, బ్రదర్. దేవుడి కోసమే గదా" అన్నారు పాస్టరు వసంతన్ గారు.

ఎం.సీ. అంటే ఒంట్లో బాగాలేదని డాక్టరిచ్చే చీటీ; లా అన్నది అక్కడివాళ్లు మాట చివర తగిలించే ఊతపదం. తినగరన్‌కు మనసొప్పలేదు. క్లినిక్ బయట కారులో కూర్చుని కళ్లు మూసుకుని, "ప్రభువా, కొంచెం కడుపు నొప్పి దయచెయ్యి. అప్పుడది అబద్ధం కాదు" అని కన్నీళ్లతో వేడుకుని, లోపలికెళ్లి చీటీ తీసుకున్నాడు. దేవుడు ఆలస్యంగానైనా ఆలకించాడు. కూటాల రెండో రోజు పీతల కూర తిన్నాక నొప్పి రానే వచ్చింది. మరుసటి ఆదివారం తినగరన్ దీన్ని సాక్ష్యంగా చెప్పాడు. అరవై మందీ హల్లెలూయ అన్నారు.

ఆ తర్వాత మోకాళ్ల నొప్పి మొదలైంది. ఇది నిజమైన నొప్పే. నలభై యంత్రాలూ తిరగడం కష్టమై, కొన్నాళ్లు ఇరవై చూశాడు, తర్వాత కిటికీలోంచి చూశాడు, ఆపైన కుర్చీలోంచి లేవకుండానే సంతకాలు పెట్టాడు. మొదట్లో ఒక్కో సంతకానికి ఒక్కో క్షమాపణ చెప్పుకునేవాడు. పని ఒత్తిడి పెరిగాక నలభైకీ కలిపి ఒకటే చెప్పుకున్నాడు. ఒక ఆదివారం పాస్టరు గారు, కంటికి కనబడనిదాన్ని నమ్మడమే విశ్వాసమని ప్రసంగించారు. ఇక ఆ ఒక్క క్షమాపణ కూడా అక్కర్లేకపోయింది.

పొద్దున్నే మోకాళ్ల మీద చేసే అరగంట ప్రార్థన కూడా కారులోకి మారింది. కారు నడుపుతూ కళ్లు మూసుకోవడం భద్రతా నియమాలకు విరుద్ధం కాబట్టి, దాన్ని ఎర్ర దీపం వెలిగినంత సేపటికి కుదించాడు. దీపం తొందరగా మారిపోతే ఆమెన్ తర్వాతి కూడలిలో చెప్పేవాడు.

ఆ రోజుల్లోనే పదిహేడో నంబరు యంత్రానికి చేతులు పడకుండా కాపాడే ఇనుప మూత ఊడదీసి గోడకు ఆనించారు. మూత ఉంటే శుభ్రం చెయ్యడానికి మాటిమాటికీ యంత్రం ఆపాలి. తినగరన్ దాన్ని చూశాడు. మేనేజరు యోగేశ్వరన్‌తో చెప్పాలనే అనుకున్నాడు. కానీ ఆ వారమే ఆయన క్రిస్మస్ పాటలు పాడుకోవడానికి సంఘానికి క్యాంటీన్ ఇచ్చాడు. అలాంటి ఉపకారితో మూత గురించి మాట్లాడడం కృతఘ్నత అనిపించింది.

ఒక సోమవారం పదింటికి ఆ యంత్రం, దాని మీద పనిచేసే చంద్ర కుడిచేతి వేళ్లు రెండు తీసుకుంది. సంఘంలో కీబోర్డు వాయించేది కూడా ఆమే.

యోగేశ్వరన్ ఇంగ్లీషు మాట్లాడే మేనేజరు. మనిషితో పని పడితే మాత్రం తెలుగులోకి దిగుతాడు. ఆ మధ్యాహ్నం తినగరన్‌ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మనం మనం ఒకటి, తినగరా. నిన్ను అబద్ధం రాయమనను. ఆ మూత ఎక్కడున్నాది?"

"గోడకి ఆనించి ఉన్నాది."

"గోడ యంత్రానికి ఏపాటి దూరం?"

"రెండడుగులు ఉంటాది."

"అంటే దగ్గరే గదా. అదే రాయి లా."

తినగరన్ రాశాడు: "ప్రమాద సమయమున రక్షణ మూత యంత్రము దగ్గరనే ఉన్నది. కార్మికురాలు చెయ్యి లోపల పెట్టినది." మూడుసార్లు చదువుకున్నాడు. ఒక్క అబద్ధం కూడా లేదు. మనసు తేలికపడింది. ఆ కాగితం ఆధారంగా, అజాగ్రత్త కింద చంద్రను పనిలోంచి తీసేశారు.

ఆదివారం ఆమె కట్టు కట్టిన చేత్తోనే మెట్లెక్కి వచ్చింది. ఆరాధన ముగిశాక నేరుగా తినగరన్ దగ్గరికి నడిచింది.

"అన్నా, మూత నువ్వు సూసినావు గదా? బిగించి ఉన్నాదా?"

"నీ కోసం రోజూ ప్రార్థన సేస్తన్నాను, సెల్లీ."

"ప్రార్థన కాదన్నా. నేనడిగింది ఏటి, నువ్వు సెప్తంది ఏటి?"

చుట్టూ ఉన్నవాళ్లు నొచ్చుకున్నారు. పెద్దాయన ప్రార్థిస్తానంటే మూతల గురించి అడుగుతుందేమిటని. పాస్టరు గారు కల్పించుకుని, క్షమించని హృదయంలో స్వస్థత నిలవదని అందరికీ వినబడేలా ఆమెకు బోధించారు.

చంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు పెట్టింది. విచారణ రోజు అధికారి తినగరన్ కాగితాన్ని పక్కకు నెట్టి సూటిగా అడిగాడు. "దగ్గరా దూరమా వద్దు. మూత యంత్రానికి బిగించి ఉందా, లేదా?"

చంద్ర ఎదురు కుర్చీలో ఉంది. ఆయన వైపే చూస్తోంది. కోపంగా కాదు, ఈయన చెప్తాడులే అన్నట్టు.

"గుర్తు లేదు, సార్" అన్నాడు తినగరన్.

కారెక్కాక, పశ్చాత్తాపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. వెనకటి అబద్ధాలకు ఎంతో కొంత ప్రార్థన ఖర్చయ్యేది, దీనికి అది కూడా పట్టలేదు. కూడలిలో ఎర్ర దీపం దగ్గర అలవాటుగా కళ్లు మూసుకుని "ప్రభువా" అన్నాడు. ఆ తర్వాత చెప్పడానికి ఏమీ దొరకలేదు. వినేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మొదటిసారి అనుమానం వచ్చింది. దానికి భయపడాలని తెలుసు, కానీ భయం రాలేదు. ఆకలి వేసింది. వెనక లారీ హారన్ కొట్టింది. ఇంటికెళ్లి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

సాక్ష్యం లేక ఫిర్యాదు వీగిపోయింది. చంద్ర సంఘానికి రావడం మానేసింది. మూడు ఆదివారాలు చూసి, పాస్టరు గారు ఒక జాబితా తయారుచేయించారు. పైన "విశ్వాసంలో చల్లారినవారు" అని పెద్ద అక్షరాలు. కింద ఒకటే పేరు.

"ప్రియులారా! విశ్వాసం ఒక్క రోజులో పోదు. చిన్న చిన్న విషయాల్లో కొంచెం కొంచెంగా జారిపోతుంది. ఇవాళ ఒక ఆరాధన మానడం, రేపు ఒక పెద్దను ప్రశ్నించడం, ఎల్లుండి ఒక ఫిర్యాదు! నేనడుగుతున్నాను, చివరికి ఏమవుతుంది?" అని పాస్టరు గారు గర్జించారు.

ఏమవుతుందో తెలిసిన మనిషి ముందు వరుసలోనే కూర్చున్నాడు. చంద్ర కోసం ప్రార్థన చెయ్యడానికి ఆయన్నే లేపారు. తినగరన్ కళ్లు మూసుకుని, చేతులెత్తి, పావుగంట ప్రార్థించాడు. గొంతు తగిన చోట వణికింది, కన్నీళ్లు అడగకుండానే వచ్చాయి. అరవై మందీ ఒక్కసారిగా అన్న ఆమెన్ కింద కాఫీ కొట్టుదాకా వినిపించింది. మీరు అక్కడ ఉండి ఉంటే మీరూ అనేవారే. అంత చక్కగా ప్రార్థించాడు మరి.