మీటకు పొడుగు చివర

సరళ యంత్రాలతో సామాన్యుణ్ణి పైకి లేపడమే ప్రభుత్వ ధ్యేయమని మంత్రిగారు ప్రకటించారు. సామాన్యుడికి ధైర్యం చెప్పడానికి ముందుగా తామే లేచి చూపిస్తామని, అందుకు బాలికల బడి సైన్సు ప్రదర్శనను ఎంచుకున్నామని కూడా సెలవిచ్చారు. త్యాగమంటే అదీ.

ఈ వార్తకు అందరికంటే ఎక్కువ పొంగినవాడు పార్టీ పెద్దాయన. జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచి జెండా మోస్తున్నాడు. గ్రంథాలయ సంఘం అధ్యక్ష పదవి ఒక్కటి దక్కితే చాలు, చచ్చినా ఫరవాలేదనుకుంటున్నాడు. "ఈ పార్టీ నిన్ను పైకి తేదయ్యా" అని భార్య అంటూ ఉండేది. ఆవిడ పోయాక ఆ మాట అనే దిక్కు లేక ఆయన నమ్మకం మరింత గట్టిపడింది. పైగా మంత్రిగారిని లేపబోయే మీటను తయారుచేసింది సాక్షాత్తు ఆయన మనవరాలు.

మీటంటే ఎంతో లేదు. బడి ఆవరణలో పొడుగాటి దూలం, దాని కింద ఇటుకల దిమ్మె.

"దిమ్మె మంత్రిగారికి దగ్గరుండాలి తాతయ్యా. ఆయన పొట్టివైపు, నేను పొడుగువైపు. నేనొక్కదాన్నే కూర్చుంటే ఆయన లేచిపోతారు."

ప్రోటోకాల్ ఆఫీసరు వచ్చి టేపు పెట్టి కొలిచాడు. ముఖం ముడుచుకుంది.

"మంత్రిగారికి పొట్టివైపు, పిల్లకి పొడుగువైపా? ఎవరు చెప్పారిలా?"

"సైన్సు చెప్పింది సార్" అంది మనవరాలు.

"ఏ హోదాలో?"

పెద్దాయనకు మనవరాలి లెక్క అర్థమైంది. ఆఫీసరు ముఖం అంతకంటే బాగా అర్థమైంది. "చిన్నపిల్ల, తెలీక పెట్టింది సార్" అంటూ తానే ఇటుకలు మోసి, దిమ్మెను రెండో చివరకు మార్చాడు. మనవరాలు నోరు తెరిచింది. ఆయన కళ్లెర్రజేశాడు. మూసుకుంది.

మంత్రిగారు పొడుగు చివర ఆసీనులయ్యారు. పిల్ల పొట్టి చివర కూర్చుంది. మంత్రిగారు కదల్లేదు. సుస్థిర నాయకత్వమని విలేకరులు రాసుకున్నారు. పిల్లను దింపి పెద్దాయన ఎక్కాడు. కదల్లేదు. కార్యకర్తలు ఎక్కారు, యువజన విభాగం ఎక్కింది, చోటు చాలక ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు. అప్పుడు మంత్రిగారు మెల్లగా గాల్లోకి లేచారు.

"చూశారా! చిన్న బలం, పెద్ద బరువు! ఇదే సైన్సు!" అన్నారు పైనుంచి.

అందరికంటే అడుగున పడ్డ చిన్న బలానికి, అంటే పెద్దాయనకు, ఊపిరాడటం లేదు. రెండు చేతులతో దూలాన్ని కరిచిపట్టుకుని ఉన్నాడు.

ఎత్తుకు వెళ్లేసరికి మంత్రిగారికి ఔదార్యం పుట్టింది. "గ్రంథాలయ సంఘానికి మన పెద్దాయన్నే అధ్యక్షుడిగా వేస్తున్నా! రావయ్యా, బ్యాడ్జి పెట్టించుకో!"

పెద్దాయన లేవబోయాడు. దూలం కిర్రుమంది. పైన మంత్రిగారు జానెడు దిగారు.

"ఎవడ్రా కదిలింది!" అని ఆఫీసరు అరిచాడు.

"పిలిస్తే రాడేం? పదవంటే అంత అలుసా?" అని మంత్రిగారు నొచ్చుకున్నారు.

దూలం ఎక్కకుండా పక్కన నిలబడి ఫోటోలు తీస్తున్న పెద్దాయన బావమరిది సెల్‌ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"కదలకు బావా, కొంప మునుగుతుంది. నేను చూసుకుంటాలే" అని ముందుకు నడిచి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. పీఏ బ్యాడ్జి గుచ్చాడు.

"అభినందనలు అధ్యక్షా!" అన్నారు మంత్రిగారు. ఆవరణంతా చప్పట్లు మోగాయి.

మనవరాలు దూలం దగ్గరకు వచ్చి వంగి చూసింది.

"తాతయ్యా, నువ్వు కొట్టవా చప్పట్లు?"

"చేతులు ఖాళీ లేవమ్మా."