తుపాకీ పేలని సీను

నవ్వకుండా వింటామంటే చెబుతాను.

నేనొక యుద్ధం సినిమాకు మాటలు రాస్తున్నాను. అందులో ఒక్క తుపాకీ కూడా పేలదు. అందుకే డైరెక్టరుకు మేం నిశ్శబ్దంగారని పేరు పెట్టుకున్నాం. సీను ఇదీ: పారిపోయి వచ్చిన సైనికుణ్ణి తల్లి బీరువాలో దాచింది. వెతకడానికొచ్చిన అధికారి ఆ బీరువా ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ తిప్పి పంపారు.

“మీవాళ్ళు మనసులో ఉన్నదంతా కక్కేస్తున్నారండీ,” అన్నారు నిశ్శబ్దంగారు. “కొడుకు ఎక్కడున్నాడో చూసేవాడికి తెలుసు. ఇక వాళ్ళిద్దరూ వాన గురించి మాట్లాడుకున్నా వాడికి చెమటలు పట్టాలి. సాయంత్రానికి సీను రాలేదో, వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను.”

ఉసూరుమంటూ ఇంటికొస్తే, మెట్ల దగ్గర పోస్ట్‌మాన్ ఉత్తరం చేతికిచ్చాడు. సరిహద్దులో సైనికుడిగా ఉన్న మా బావమరిది రాసింది. నలభై రోజులుగా మా ఆవిడ దానికోసమే కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

అప్పుడు పుట్టింది నాకా దిక్కుమాలిన ఆలోచన. దాచేవాడి నోట మాట ఎలా వస్తుందో తెలియాలంటే ఏదో ఒకటి దాచి చూడాలి కదా! కవరు మీద ఉన్నది బావమరిది చేతిరాతే. ఒక గంట ఆలస్యమైతే కొంపలేం మునగవనుకున్నాను. చొక్కా లోపల దోపుకున్నాను.

మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. నన్ను చూస్తూనే సూదీ దారం పట్టుకుని లేచింది.

“గుండీ వేలాడుతోందేమిటండీ? ఇలా రండి.”

“విప్పి ఇస్తాలే.”

“రెండు కుట్లకి విప్పడమెందుకు? కదలకండి, గుచ్చుకుంటుంది.”

కవరుకు బెత్తెడు దూరంలో సూది.

“ఎవరైనా వచ్చారా?”

“ఎవరూ రాలేదే.”

“కింద తలుపు చప్పుడైతేనూ.”

“గాలికేమో.”

“గాలేదీ ఇవాళ?” దారం లాగింది. “మీకా చెమటలేమిటి?”

“ఉక్కగా లేదూ?”

“అవును, గాలి లేదుగా.”

తరవాత నీళ్ళ పంపు గురించి మాట్లాడింది. పక్కింటి నర్సు కొన్న కుర్చీల గురించి మాట్లాడింది. నేను లోలోపల మురిసిపోతూ ఒక్కో మాటా గుర్తుపెట్టుకుంటున్నాను. అంతలో చూద్దును కదా, కుట్టినచోటే మళ్ళీ మళ్ళీ కుడుతోంది.

“పోస్ట్‌మాన్ మీకేదో ఇవ్వడం కిటికీలోంచి చూశాను,” అంది, నా మొహంలోకి చూడకుండా. “మంచి కబురైతే మెట్ల మీంచే అరుచుకుంటూ వచ్చేవారు. దాచారంటే... చెప్పేయండి. ఎప్పుడు పోయాడు?”

నాకు సీను దొరికిందని నేను సంబరపడుతుంటే, తమ్ముడి చావు కబురు వినలేకే అంతసేపూ ఆమె కుర్చీల గురించి మాట్లాడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

“అయ్యో, కాదే! వాడి రాతే, చూడు!” అంటూ కవరు తీసిచ్చి, నా పథకమంతా ఒప్పేసుకున్నాను.

కిటికీ దగ్గర నిలబడి చదివింది. మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. మొహంలో ఏమీ కనబడలేదు.

“ఎలా ఉన్నాడట?”

“రెండో గుండీ కూడా వదులైంది.”

“అది కాదే, వాడికేమైంది?”

“పంపు బాగుచేసేవాడు రేపొస్తానన్నాడు.”

“నీకు దణ్ణం పెడతాను, చెప్పవే!” వాణ్ణి రోజూ సైకిలెక్కించుకుని బడిలో దింపినవాణ్ణి నేను.

అప్పుడు ఇటు తిరిగింది. “కాలికి తూటా తగిలిందట. ఇప్పుడు నడుస్తున్నాడట. పదో తారీఖున ఇంటికొస్తున్నాడు.”

అని నా భుజం మీద తలపెట్టి భోరుమంది. నేనూ ఏడ్చాను.

సాయంత్రం నిశ్శబ్దంగారు ఫోన్ చేస్తే జరిగింది జరిగినట్టు చెప్పాను.

“ఆ తల్లి మాటలు అమ్మగారే రాయాలి,” అన్నారాయన. “ఫోన్ ఆవిడకివ్వండి.”

మా ఆవిడ అంతా విని, “పదో తారీఖు దాకా నాకు తీరిక లేదండీ. మా తమ్ముడొస్తున్నాడు,” అని, ఆయన జవాబు విని పెట్టేసింది.

అప్పటిదాకా ఆగుతానన్నారట ఆయన. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.