వెండి కారు, ఇత్తడి చేప

బరంపురం బడా బజారులో బట్టల కొట్టు నీలకంఠం ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. హారన్ నీలకంఠం అనాలి. ఆయన కారు హారన్ మోగిందంటే నడిరోడ్డు మీద పడుకున్న ఆవులు కూడా లేచి పక్కకి తప్పుకుంటాయి.

ఆ కారు ఎర్ర ఎమ్‌జీ, విలాయతీ స్పోర్ట్స్ కారు. గోపాల్‌పూర్‌లో బంగళా ఉన్న ఒక దొర ఓడెక్కి పోతూ పోతూ నీలకంఠం తాతకి ఇచ్చిపోయాడు. పైకప్పు గుడ్డ, సీట్లు రెండే. నీలకంఠం దాన్ని తన పంచెతో తుడుస్తాడు గానీ ఇంకొకర్ని తాకనివ్వడు. భార్య ఉమాదేవి పెళ్ళయిన కొత్తలో ఒకే ఒక్కసారి ఎక్కింది. గాలికి జడ ఊడి, మల్లెపూలన్నీ వెనక బస్సు అద్దానికి అతుక్కున్నాయి. ఆ తర్వాత మళ్ళీ ఎక్కితే ఒట్టు.

అంత ప్రాణప్రదమైన కారుని ఆయనే నోరు జారి ఇచ్చేశాడు.

మొన్న వానాకాలంలో ఉమాదేవికి గుండె ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ గది తలుపు మీద ఎర్రదీపం ఎంతకీ ఆరలేదు. నీలకంఠం రెండు చేతులూ ఎత్తి, "ఠాకురాణీ తల్లీ! నా ఉమని నాకిచ్చీ! నా కారు గోపాల్‌పూర్ సెవిటి పిల్లల బడికి ఇచ్చీస్తాను!" అని ఘొల్లుమన్నాడు.

మొక్కేవాడు మనసులో మొక్కుకోవాలి. ఈయన ఆస్పత్రంతా వినేలా మొక్కాడు. పక్క బెంచీ మీద కూర్చున్నావిడ ఎవరనుకున్నారు? ఆ బడి పెద్ద టీచరు వాణి, ఉమాదేవి చిన్ననాటి స్నేహితురాలు.

తల్లి దయవల్ల ఉమాదేవి బతికి ఇంటికొచ్చింది. మెల్లగా లేచి తిరిగింది. మొగుణ్ణి మునుపటిలా దబాయించే ఓపిక కూడా వచ్చింది. మొక్కు ఊసు మాత్రం నీలకంఠం ఎత్తలేదు. అంతలో వాణి ఫోను.

"బావగారూ, కటకంలో ఒకాయన పాతకార్లు పోగేస్తాడంట. మీ కారు మేమిస్తే మా బడికి కొత్త వ్యాను ఇస్తానన్నాడు. పిల్లలు ఆటోలకి ఏలాడి వస్తన్నారు, సూడలేకపోతన్నాను. ఆదివారం మంచిదంట, తీసుకొస్తారు గదా?"

నీలకంఠం గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. "ఆఁ... ఆఁ" అన్నాడు. ఆ రోజు నుంచీ ఆయనకి నిద్ర లేదు. కారు దగ్గరికెళ్ళి నిలబడతాడు, బోనెట్ నిమురుతాడు, నిట్టూరుస్తాడు. ఇవ్వకపోతే ఊళ్ళో తలెత్తుకోలేడు, అమ్మవారు ఊరుకోదు. ఇస్తే తను బతకలేడు.

దిక్కుతోచక ఠాకురాణి అమ్మవారి గుడికెళ్ళాడు. అక్కడ ఒక ముసలమ్మ కళ్ళు బాగుపడ్డాయని అమ్మవారికి వెండి కళ్ళు సమర్పిస్తోంది. నీలకంఠానికి ప్రాణం లేచొచ్చింది. ఎవరైనా కళ్ళు పీకి ఇస్తున్నారా? లేదే! నేరుగా కంసాలి కొట్టుకి పరుగెత్తాడు. అరచేతిలో పట్టే వెండి కారు, చక్రాలు తిరగాలి అన్నాడు. "హఉ, ఆగ్యాఁ" అని ఒడియాలో సరేనన్నాడు కంసాలి.

శనివారం పొద్దున్న ఆ కారుని భార్య ముందు పెట్టాడు.

"ఇదేటండీ?"

"మొక్కు కారు. అమ్మోరికి ఇచ్చీస్తే మొక్కు తీరిపోద్ది."

"మరి బడి పిల్లలో?"

"ఆళ్ళకి లడ్డూలు పంచుదాం. కన్నుకి ఎండి కన్ను, కారుకి ఎండి కారు. భావం ముఖ్యమే ఉమా!"

ఉమాదేవి తిట్టలేదు. "భావం ముఖ్యం" అని నెమ్మదిగా అని వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ తిట్టిన రోజున నీలకంఠం హాయిగా నిద్రపోతాడు. తిట్టని రోజంటేనే ఆయనకి హడల్.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. కంచంలో వేడన్నం, దాని పక్కన బెల్లగుంఠ ఊళ్ళో చేసే, ఒళ్ళు వంగే ఇత్తడి చేప బొమ్మ. కంచం పెట్టిన ఊపుకి తోక అటూ ఇటూ ఆడించింది కూడా.

"ఉమా, ఇది షోకేసులోది గదే!"

"అవును, సేపే. పొలుసులు సూడండి, ఎంత ముద్దుగున్నాయో."

"దీన్నెలా తింతానే?"

"భావంతోటి."

సాయంత్రం టీ అడిగితే పేపర్లోంచి కత్తిరించిన టీపొడి ప్రకటన వచ్చింది. నీలకంఠం దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చీకటి పడేసరికి ఉమాదేవి సంచీ సర్దుకుని హాల్లోకి వచ్చింది.

"భంజనగర్ మా అన్నయ్య ఇంటికి ఎల్తన్నాను."

"నేనొక్కణ్ణీ ఎలాగుంటాను?"

"ఒక్కరేటి? కుర్చీలో సూడండి, నేనున్నాను గదా."

కుర్చీలో వాళ్ళ పెళ్ళి ఫోటో ఉంది.

"ఏటే ఈ ఎగతాళి!"

"ఎగతాళి నాదా, మీదా?" ఉమాదేవి గొంతు మారింది. గుండె మీద కుట్ల దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఆ రోజు అమ్మోరు మీకు నన్నే ఇచ్చింది. తలుపు తీసి నా ఎండి బొమ్మ సేతిలో పెట్టుంటే, భావం ముఖ్యమని ఇంటికి తెచ్చుకుందురా?"

నీలకంఠానికి ఆ ఎర్రదీపం కళ్ళముందు మళ్ళీ వెలిగింది. అప్పటి భయం అలాగే తిరిగొచ్చింది. వెళ్ళి ఆవిడ చేతిలోంచి సంచీ లాక్కున్నాడు. కళ్ళు మాత్రం ఆవిడకి చూపించలేదు.

ఆదివారం ఉమాదేవి తలకి తువ్వాలు బిగించి కట్టి, అడక్కుండానే కారెక్కింది. గోపాల్‌పూర్ బడి గేటు దగ్గర నీలకంఠం అలవాటుగా హారన్ కొట్టాడు. కొట్టాక, పిల్లలకి వినబడదని గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. కానీ పిల్లలు పరుగెత్తుకొచ్చి అరచేతులు బోనెట్ మీద ఆనించారు. ఆ అదురుకి కిలకిలా నవ్వి, ఇంకా కొట్టమని సైగ చేశారు. నీలకంఠం చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాడు. తర్వాత తాళాలు తీసి వాణి చేతిలో పెట్టాడు.

తిరుగు బస్సులో మెల్లగా అన్నాడు, "పోనీలే. ఎండి కారైనా ఉంది. షోకేసులో పెట్టుకుని సూసుకుంటాను."

"అదా? పొద్దున్నే అమ్మోరి హుండీలో ఏసీసినాను."

"ఏటీ! మొక్కు తీర్చీసినాం గదే!"

"మొక్కు తీర్చినారు. ఎగ్గొట్టాలని సూసినారు గదా, దానికి జరిమానా."

ఇంటికొచ్చాక ఉమాదేవి కంచం పెట్టింది. పొగలు కక్కే అన్నం, ఎర్రటి పులుసులో ఇంత పెద్ద చేప. నీలకంఠం ఆబగా చెయ్యి చాచి, మళ్ళీ ఆగి, భార్య వంక ఓసారి చూసి, చేపని వేలితో పొడిచి చూసుకుని మరీ మొదలుపెట్టాడు.