డేగకన్ను బావ, మిట్ట ఎక్కని కారు

“బామ్మర్దీ, నేరస్థుడన్నవాడు రెండు పనులు చేసి తీరతాడు. ఒకటి, ఆధారం వదిలేస్తాడు. రెండు, ఘటనాస్థలానికి తిరిగొస్తాడు. వచ్చినప్పుడు పట్టుకోవడానికి అక్కడ ఒక మేధావి ఉండాలి. ఉన్నాడు” అని మా బావ తన గుండెల మీద తనే తట్టుకున్నాడు.

మా బావకి కళ్లజోళ్ల షాపుంది. అందరికీ చూపు సరిచేసే మనిషే గానీ, నెత్తిమీదున్న తన కళ్లజోడు కోసం ఇల్లంతా వెతుకుతాడు. డేగకన్ను అని తనకి తనే బిరుదిచ్చుకున్నాడు. ఆ బిరుదుతో పిలిచేది నేనొక్కణ్ణే. అక్క చేతి అన్నం తింటున్నాను మరి, తప్పుతుందా.

ఘటనాస్థలం అంటే మా నాన్న కారు. నాకు గేర్లు వేయడం నేర్పింది నాన్న అందులోనే. ఆయన పోయాక అక్క నడుపుతోంది. కొన్నాళ్లుగా దానికి వేగం అందడం లేదు. చదును రోడ్డు మీద ఎలాగో లాక్కొస్తుంది గానీ, అక్క పాఠాలు చెప్పే స్కూలు మిట్ట దగ్గర మూలుగుతూ చతికిలబడుతుంది. సైకిళ్ల మీద పిల్లలు కారుని దాటేసి, వెనక్కి తిరిగి మరీ టీచరుకి గుడ్మార్నింగ్ చెబుతున్నారు. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు, పెట్రోలు పంపు విప్పి చూశాడు. ఇంజన్ గుండ్రాయిలా ఉందన్నాడు.

అక్కకి విసుగొచ్చింది. “ఇవాళ సాయంత్రం మిట్ట ఎక్కిందా, సరే. లేదంటే రేపు పాత ఇనుము వాడికి ఇచ్చేస్తా” అంది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

బావ మాత్రం వెలిగిపోయాడు. ఇంజన్‌లో లోపం లేదంటే బయట కుట్ర ఉన్నట్టేనట. అనుమానం సూటిగా ఎదురింటి టైలరు మీదికి పోయింది. కారు మూలుగు విని ఆయన నవ్వడం బావ కళ్లారా చూశాడట. విచారణ కోసం ఆయన షాపులోకి వెళ్లి గుడ్లురిమి చూస్తూ నిలబడ్డాడు. టైలరు ఏమీ అడక్కుండా ఛాతీ కొలత తీసుకుని, నడుం దగ్గర కాస్త వదులు పెట్టమంటారా అన్నాడు. నిందితుడు అతితెలివి చూపిస్తున్నాడని బావ తేల్చేశాడు.

తర్వాత భూతద్దం పట్టుకుని కారు కింద తనిఖీ. ఒంటిమీద కొత్త చొక్కా. అందుకని డ్రైవరు సీటు ముందున్న మందపాటి డోర్‌మ్యాట్ లాగి రోడ్డు మీద పరిచి, దానిమీద పడుకుని లోపలికి దూరాడు. ముక్కుకి గ్రీజుతో బయటికొచ్చి, శత్రువు బొత్తాం దొరికిందన్నాడు. ఆయన చొక్కాకే ఒక బొత్తాం లేదని చెప్పాను. వినలేదు.

సాయంత్రం అక్క స్టీరింగు పట్టుకుంది, మేమిద్దరం ఎక్కాం. అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ పెడల్ మీద బలమంతా పెట్టి తొక్కింది. కారు ఒక్క ఉరుకు ఉరికింది. భూతద్దంతో సహా బావ వెనకసీట్లో వెల్లకిలా పడ్డాడు. మిట్ట మీద సైకిళ్లన్నీ వెనకబడ్డాయి. అక్క పగలబడి నవ్వింది. నాన్న పోయాక ఆ కారులో అక్క నవ్వడం అదే మొదలు. నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

దారంతా బావ ప్రసంగమే. బొత్తాం దొరకగానే శత్రువు బెదిరి కుట్ర ఉపసంహరించుకున్నాడట. ఇంటి ముందు దిగేసరికి ఆ శత్రువే, అంటే టైలరు, డోర్‌మ్యాట్ తెచ్చిచ్చాడు. రోడ్డు మీద మర్చిపోయారండీ అన్నాడు. బావ దాన్ని భక్తిగా దులిపి, దేని చోట అదుండాలంటూ మళ్లీ పెడల్ కింద సర్దాడు.

కారుని షెడ్డులో పెట్టడానికి అక్క తొక్కింది. పాత మూలుగే. మళ్లీ తొక్కి, వంగి చూసింది. పెడల్ సగం దిగగానే మ్యాట్‌కి తగిలి ఆగిపోతోంది.

“ఏవండీ, గుమ్మంలో ఉండాల్సింది ఇక్కడికెలా వచ్చింది?”

“నేనే వేశాను. కారులోకి ఎవరైనా దొంగచాటుగా ఎక్కితే పాదధూళి దొరుకుతుందని, ముందుజాగ్రత్తగా.”

“ఎప్పుడు?”

బావ వేళ్లమీద లెక్కపెట్టడం మొదలెట్టాడు. మధ్యలో వేలు ఆగిపోయింది. “కారు మొరాయించడం మొదలెట్టిన రోజు పొద్దున్నే” అన్నాడు నీరసంగా.

టైలరు మర్యాదగా మొహం పక్కకి తిప్పుకున్నాడు. అక్క మ్యాట్ లాగి బావ చేతిలో పెట్టి, పాత ఇనుము వాణ్ణి రావద్దని చెప్పమంది నాతో.

బావ నెత్తిమీది కళ్లజోడు కిందికి దించి, చేతిలోని మ్యాట్ని చూశాడు. కారుని చూశాడు. నిలబడ్డ చోటుని చూసుకున్నాడు. మొహం మళ్లీ వెలిగిపోయింది.

“చూశావా బామ్మర్దీ? నేరస్థుడు తిరిగొస్తాడని పొద్దున్నే చెప్పాను.”