మొండక్క ఆడని డ్రాలు

ఆ రోజు పొద్దున్న మొండక్క అనుకున్నవి మూడే పనులు. మోకాలికి కట్టు కట్టుకోవడం, తొమ్మిదింటికి షటిల్ హాలుకు వెళ్ళి పిల్లల చేత ఓ గంట ఆడించడం, సాయంత్రం నాలుగింటికి మంచి చీర కట్టుకుని అదే హాల్లో సన్మానం చేయించుకుని కోచ్ ఉద్యోగం కాగితం పుచ్చుకోవడం. మొదటిది అనుకున్నట్టే జరిగింది.

మొండక్క అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. నేల తాకబోయే షటిల్‌ని ఇరవై ఏళ్ళలో ఏనాడూ పోనీలే అని వదిలిన పాపాన పోలేదు కనుక హాల్లో వాళ్ళు పెట్టింది. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. కుడి మోకాలు మెట్లెక్కేటప్పుడు తనతో తాను మాట్లాడుకుంటూ ఉంటుంది. పోటీలు మానేసి ఏడాదయింది. కోచ్ ఉద్యోగం ఒక్కటే ఉంది, దానికి ఇద్దరున్నారు. ఒకరు ఈమె, రెండోవాడు హాలు కార్యదర్శిగారి అల్లుడు. అతనికి ఇరవై ఆరేళ్ళు, రెండు మోకాళ్ళూ మాట్లాడవు. ఆడిన ఆటల లెక్క ఎవరిది గట్టిగా ఉంటే ఉద్యోగం వారిదని కమిటీ తేల్చింది. అల్లుడివి నూట డెబ్భై గెలుపులు. ఈమె లెక్క బోర్డు మీద రాయించి, కొత్తగా వచ్చిన ఆటల ఆఫీసరుగారికి చూపించి సంతకం పెట్టించాలి. ఉద్యోగం రాకపోతే రేపటి నుంచి ఆమెకు ఆ హాల్లో కాలు పెట్టే పనే ఉండదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. కట్టు మాత్రం రెండు చుట్లు ఎక్కువ చుట్టింది.

అసలు లెక్కల కాగితాలు హాలు ఆఫీసులో ఉండాలి. పైన నీళ్ళ ట్యాంకు పగిలినప్పుడు అవన్నీ నాని ముద్దయిపోయాయి. మిగిలినవి ఆమె మేనమామ ఇంట్లో రేకు పెట్టెలో దాచుకున్న ఆరు నోటు పుస్తకాలు. ఆయన ఆమె ఆడిన ప్రతి ఆటకూ స్కోరు బోర్డు దగ్గర కూర్చుని అంకెల అట్టలు తిప్పాడు. అందుకని అట్టల మామ అంటారు. మూడో తరగతితో బడికి దండం పెట్టిన మనిషి. అంకెలు చక్కగా రాస్తాడు, పేర్ల జోలికి పోడు. బోర్డు మీద ఎడమవైపు ఉన్న అంకె ఎడమ పక్క, కుడివైపుది కుడి పక్క, మేనకోడలు నిలబడ్డ వైపు ఒక పెన్సిలు చుక్క. ఆయన రాత అంతే, మాటా అంతే.

ఆ పుస్తకాలు కార్యదర్శిగారి చేతిలో పడ్డాయి. ఆయన లారీలు తూచే కాటా ఆఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి. తాళాలు భద్రంగా దాస్తాడని కార్యదర్శిని చేశారు గాని, ఆయన జన్మలో రాకెట్టు పట్టింది లేదు. అల్లుణ్ణి అడిగితే పక్షపాతం అనుకుంటారని అడగలేదు. మూడు రోజులు తలుపు వేసుకుని శుభ్రంగా వేరే కాగితం మీదికి ఎక్కించాడు. చుక్కలు ఈగలు చేసినవనుకుని వదిలేశాడు.

షటిల్ ఆటలో ఒక గేమ్ అవగానే ఇద్దరూ కోర్టు మారతారు. ఎడమవైపు ఉన్నవారు కుడివైపు వెళతారు. ఈ ముక్క పిల్లలకు కూడా తెలుసు కనుక కార్యదర్శిగారికి ఎవరూ చెప్పలేదు. ఎడమ పక్క రాసిందంతా ఈమెదే అనుకున్నాడు. మొదటి గేమ్ ఎడమ ఇరవై ఒకటి, కుడి పన్నెండు. గెలిచింది. రెండో గేమ్ ఎడమ పదిహేను, కుడి ఇరవై ఒకటి. ఓడింది. మూడోది లేదు. చెరొకటి, అంటే డ్రా. ఆ విధంగా ఆమె రెండు వరస గేముల్లో తేల్చేసిన ప్రతి ఆటా ఆయన కాటాలో సరిసమానంగా తూగింది.

తొమ్మిదింటికి హాల్లోకి వచ్చేసరికి గోడ మీద కొత్త చెక్క బోర్డు నిగనిగలాడుతోంది. గెలుపు 19. ఓటమి 31. డ్రా 262.

మొండక్క ఒకసారి పైనుంచి కిందకీ, ఒకసారి కిందనుంచి పైకీ చదివింది. అట్టల మామ పక్కనే నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆయన మాట బయటికి రావాలంటే బావిలోంచి బొక్కెన రావాలన్నంత సేపు పడుతుంది.

"కార్యదర్శిగారూ, ఈ డ్రాలు ఎవరివండీ?" అంది ఆమె.

"మీవేనమ్మా. ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా ఇరవై ఏళ్ళు ఆడారు. ఎంత మర్యాద."

"షటిల్‌లో డ్రా ఉండదండీ."

"రెండొందల అరవై రెండు కళ్ళముందు కనబడుతుంటే ఉండదంటారేమిటమ్మా."

"చుక్క..." అన్నాడు అట్టల మామ.

పట్టపగలు చుక్కలేమిటని కార్యదర్శిగారు విసుక్కున్నారు. అయినా మంచి మనిషి. డ్రా అనేది ఉండకూడదని ఆట నియమమైతే సరిచేస్తానన్నారు. ఆమె నమ్మి, పిల్లలు ఎదురుచూస్తున్నారని లోపలి కోర్టుకు వెళ్ళిపోయింది. అక్కడే పొరపాటు చేసింది.

గంట తరవాత వచ్చి చూస్తే బోర్డు మీద గెలుపు 150, ఓటమి 162 అని ఉంది. డ్రాలు లేవు. కార్యదర్శిగారు వాటిని సగానికి పంచి చెరోవైపు నూట ముప్పై ఒకటి కలిపారట. మీకూ అన్యాయం లేదు, మీతో ఆడినవాళ్ళకీ లేదు అని సంతోషంగా చెప్పారు. పెయింటరు నిచ్చెన మీదే కూర్చుని, ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, దిగితే మళ్ళీ ఎక్కను అన్నాడు.

మొండక్క ఆ ఇరవై ఏళ్ళలో పడ్డ కష్టం ఒక ఎత్తు, ఆ నిమిషం నోరు అదుపులో పెట్టుకోవడం ఒక ఎత్తు. గెలిచిన ఆటను ఓటమిలో వేయడానికి ఇదేమైనా అన్నదమ్ముల వాటాలా అని అడిగింది. కార్యదర్శిగారికి నిజంగానే బాధ కలిగింది. ఆమె ముఖం చూసి, పెయింటరుకి సైగ చేసి, పైదాన్ని కిందకీ కిందదాన్ని పైకీ మార్చమన్నారు. గెలుపు 162, ఓటమి 150.

"ఇప్పుడు సరేనా తల్లీ?"

"సరి కాదు. నేను గెలవనిది నాకు వద్దు, గెలిచింది వదలను. ఓడినవి ఎన్ని ఉన్నాయో అన్నీ రాయాలి. అవీ నేనే ఆడాను, ఆ చెమట కూడా నాదే."

ఈ వాదనతోనే మధ్యాహ్నం దాటింది. ఇలా కుదరదని బోర్డు దించేశారు. మూడు పూతల రంగు కారుతున్న ఆ చెక్కను ఎక్కడ ఆనించాలో తెలియక షటిల్ డబ్బాలు దాచే చెక్క బీరువా తలుపుకి ఆనించారు. ఇంకో నాలుగు గంటలు ఎవరూ ముట్టుకోవద్దని పెయింటరు చెప్పి, రాత్రి దాకా ఉంటే కూలీ ఎవరిస్తారని అడిగి, నిచ్చెన కింద పడుకున్నాడు.

సరిగ్గా అప్పుడు ఆఫీసరుగారు వచ్చారు. నాలుగింటికి రావలసిన మనిషి రెండింటికే దిగారు. ఆరింటి రైలు అందుకోవాలట. ఆయన మూడు వారాల కిందటి దాకా చేపల శాఖలో ఉన్నారు. మొండక్క మెడలో ఈల, ఒంటిమీద చెమట బనీను. మంచి చీర ఇంట్లో మడత మీద ఉంది.

ఆఫీసరుగారు వంగి బోర్డు చదివారు. పచ్చిగా ఉండటంతో కింది అంకెలు పై అంకెల్లోంచి తొంగి చూస్తున్నాయి. నూట అరవై రెండు, దాని వెనక నూట యాభై, దాని వెనక పంతొమ్మిది. ఇందులో ఏది నమ్మాలని అడిగారు. కార్యదర్శిగారు తడబడి, మొదటి శుద్ధ ప్రతి తీసి చేతిలో పెట్టారు. రెండొందల అరవై రెండు డ్రాలు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇరవై ఏళ్ళలో ఏ ఆటా తేల్చని మనిషి పిల్లలకేం నేర్పుతుందయ్యా?"

అల్లుడి నూట డెబ్భై గెలుపుల కాగితం పక్కనే ఉంది. పెన్ను అటువైపు తిరిగింది. అట్టల మామ తన నోటు పుస్తకం తెరిచి చుక్క మీద వేలు పెట్టి చూపించాడు. ఆఫీసరుగారు ఆ వేలిని పక్కకు జరిపి, పుస్తకాన్ని ఈగలనుంచి కాపాడుకోవాలని సలహా ఇచ్చారు.

మొండక్క వచ్చి బల్ల ముందు నిలబడింది. నెమ్మదిగానే మాట్లాడింది. "అయ్యా, నేను గెలిచాను, ఓడాను. మధ్యలో ఆగింది లేదు. కాగితాలు పక్కన పెట్టండి. ఈ బాబుతో ఇప్పుడే ఆడతాను. మీ కళ్ళతో చూసి సంతకం పెట్టండి."

"మోకాలు బాగాలేదంటగా?" అన్నాడు అల్లుడు. వాడూ చెడ్డవాడు కాదు.

"నా మోకాలితో నేను మాట్లాడుకుంటాలే. నువ్వు సర్వీసు చెయ్యి నాయనా."

హాల్లో చేతికందిన డబ్బాలో ఒక్కటే షటిల్ ఉంది. మిగిలినవన్నీ బీరువాలో ఉన్నాయి. ఒకటి చాల్లే అనుకున్నారు. సన్మానం కోసమని నెట్‌కి సరిగ్గా పైన, అటెన్ని ఇటెన్ని అని లెక్కపెట్టి కార్యదర్శిగారు కట్టించిన రంగు కాగితాల తోరణాలు వేలాడుతున్నాయి. వాటి సంగతి ఎవరికీ తట్టలేదు.

మొదటి గేమ్ అల్లుడు ఇరవై ఒకటి, పదిహేడుతో గెలిచాడు. ఇద్దరూ కోర్టు మారడానికి కదలగానే, ఆట అయిపోయిందనుకుని ఆఫీసరుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అటు ఉన్నవాళ్ళు ఇటు, ఇటు ఉన్నవాళ్ళు అటు వచ్చి మళ్ళీ మొదలుపెట్టేసరికి అలాగే చేతులు గాల్లో ఉంచి చూశారు. అట్టల మామ కూడా అట్టలు అటుదిటు మార్చి, పుస్తకంలో రెండోవైపు చుక్క పెట్టాడు.

"ఇదేమిటి?" అన్నారు ఆఫీసరుగారు.

అట్టల మామ ఆ ఏడాదికంతా సరిపడా మాట్లాడాడు. "వాళ్ళు మారతారు. అట్టలు మారతాయి. చుక్కా మారుతుంది. చుక్క ఉన్నచోట మా అమ్మాయి."

ఆఫీసరుగారు పుస్తకం వంక, కోర్టు వంక నాలుగుసార్లు చూశారు. ఆ తరవాత కార్యదర్శిగారి వంక చూశారు. కార్యదర్శిగారి ముఖంలో నెత్తురు లేదు. అల్లుడి మీద ప్రేమ ఉన్న మాట నిజమే గాని, తప్పుడు తూకం అంటే ఆయనకు ప్రాణభయం. ఆరు పుస్తకాలూ ముందేసుకుని, చుక్కల మీద వేలు పెట్టి, మొదటినుంచీ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కోర్టులో అల్లుడు షటిల్ కొడుతున్నాడు, బల్ల దగ్గర మామగారు అతని ఉద్యోగాన్ని ఒక్కొక్క చుక్కగా తీసేస్తున్నారు.

రెండో గేమ్ మొండక్క లాక్కుంది. ఇరవై ఒకటి, పద్దెనిమిది. మూడోదానిలో ఇద్దరూ ఇరవై దగ్గర కలిశారు. అక్కడినుంచి రెండు పాయింట్లు ముందుంటేనే గెలుపు. ఇతను ఒకటి తీస్తే ఆమె ఒకటి తీసింది. ఆమె కట్టు జారి పాదం మీదికి వచ్చింది. దాన్ని విప్పి అవతల పారేసింది. ఇరవై అయిదు, ఇరవై ఏడు, ఇరవై తొమ్మిది. ఇద్దరిదీ ఇరవై తొమ్మిదే. ఇక ఎవరు ముందు ముప్పై చేస్తే ఆట వారిది. పెయింటరు కూడా నిద్ర లేచి కూర్చున్నాడు.

బల్ల దగ్గర కార్యదర్శిగారు చివరి పేజీ తిప్పి, వినబడీ వినబడనట్టు చెప్పారు. మొత్తం మూడొందల పన్నెండు. గెలుపు రెండొందల డెబ్భై ఒకటి. ఓటమి నలభై ఒకటి.

ఆ మాట విని అల్లుడి చెయ్యి ఒక్క క్షణం తడబడింది. షటిల్ ఎత్తుగా, బద్ధకంగా లేచింది. మొండక్క దాని కింద చేరి రాకెట్టు ఎత్తి నిలబడింది. ఇరవై ఏళ్ళలో ఇంతకన్నా తేలికైన పాయింటు ఆమెకు రాలేదు. షటిల్ పైకి వెళ్ళి, తోరణంలో దూరి, పిచ్చుక గూట్లో కూర్చున్నట్టు కూర్చుంది. దిగలేదు.

నిచ్చెన వేసి దింపితే ఈకలు ఊడి, పీకిన కోడిలా ఉంది. ఇంకోటి తీద్దామంటే బీరువా తలుపుకి బోర్డు అతుక్కుపోయింది. నలుగురు పట్టి లాగితే బీరువా కదిలి వచ్చింది గాని బోర్డు ఊడలేదు. ఆఫీసరుగారు గడియారం చూసుకున్నారు. అయిదుంపావు.

ఆయన కూర్చుని మొండక్క కాగితం మీద సంతకం పెట్టేశారు. రెండొందల డెబ్భై ఒకటి, నలభై ఒకటి అని స్వహస్తంతో రాసి, ఆపైన ఇంకో ముక్క రాశారు. "ఇవాళ్టిది నా సమక్షంలో జరిగింది, తేలలేదు. డ్రా, ఒకటి."

"షటిల్‌లో డ్రా ఉండదండీ," అంది మొండక్క. ఉద్యోగం కాగితం అందుకోకుండా చేతులు వెనక పెట్టుకుంది. "ఒక్క పాయింటు. రేపు పొద్దున్నే ఆడేస్తాం. అప్పుడు రాయండి."

"నేను చూసింది నేను రాయకపోతే ఇంకెవరు రాస్తారమ్మా?" అని ముద్ర వేసి ఆయన రైలుకు వెళ్ళిపోయారు. కాగితం అట్టల మామ అందుకున్నాడు. మేనకోడలు సంగతి ఆయనకు తెలుసు. మర్నాడు బోర్డు ఊడి వచ్చాక, ముద్ర పడ్డ లెక్క మార్చకూడదని కార్యదర్శిగారు ఆ అంకెలన్నీ, డ్రా ఒకటితో సహా, దాని మీద రాయించి గోడకి ఎక్కించారు.

అల్లుడు మరుసటి వారమే వేరే ఊరి హాల్లో చేరాడు. అత్తారింటికి వచ్చినప్పుడల్లా, ఆ మిగిలిన పాయింటు ఆడమంటుందేమోనని, కుడి చేతికి కట్టు కట్టుకుని వస్తాడు. మొండక్క రోజూ అందరికన్నా ముందు హాలు తెరిచి, ఒక కొత్త షటిల్ తీసి నెట్‌కి తగిలించి, బ్లేడు పట్టుకుని బోర్డు దగ్గరికి వెళుతుంది. ఇప్పటికి పదకొండు బ్లేడ్లు అరిగాయి. పెయింటరు రాసిన మిగతా అంకెలన్నీ ఆర్నెల్లకే పెచ్చులూడాయి గాని, డ్రా పక్కన ఉన్న ఒకటి మాత్రం నిన్న రాసినట్టే ఉంది.