సత్తెమ్మలంకలో బ్రౌజర్ ఎంపిక

స్వేచ్ఛ రెండు రకాలు. ఒకటి పోరాడి తెచ్చుకునేది, రెండోది ఉత్తర్వు ద్వారా వచ్చేది. మొదటిది వద్దనుకుంటే మానుకోవచ్చు. రెండోదాన్ని గడువులోగా అమలు చేసి, ఫొటో తీసి పంపాలి. కొవ్వూరుకు దిగువన గోదావరి ఒడ్డునున్న సత్తెమ్మలంక ధాన్యం కొనుగోలు కేంద్రానికి కార్తీకమాసం చివర్లో ఈ రెండో రకం స్వేచ్ఛ సంప్రాప్తించింది.

పంపినవారు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అమలు ప్రత్యేకాధికారి (ఈ పదవికి కారు ఉంది, కంప్యూటర్ లేదు). వారి ఆదేశం మేరకు కేంద్రంలోని కంప్యూటర్‌కు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించారు. లినక్స్ మంచిదే. లైసెన్సు అడగదు, వైరస్‌ను దగ్గరికి రానివ్వదు, ఫలానావాడి సొత్తు అని లేదు. చిక్కల్లా దానితోపాటు వచ్చిన బ్రౌజర్ దగ్గర వచ్చింది. రైతులకు టోకెన్లిచ్చే వెబ్‌సైట్‌ను అందులో తెరిస్తే, ‘ఈ బ్రౌజర్ అంగీకరించబడదు. ప్రత్యామ్నాయ బ్రౌజర్‌ను ఎంచుకోండి’ అని వస్తోంది. ఏది అంగీకరించబడుతుందో మాత్రం చెప్పదు. (చెబితే ఎంపిక స్వేచ్ఛకు భంగమని ప్రత్యేకాధికారి ఫోన్లో వివరించారు.)

ఎంపిక బాధ్యత కేంద్రం కార్యదర్శి పార్థసారథి గారి మీద పడింది. ఆయన బుద్ధెరిగాక ఎవరికీ ‘కాదు’ అని చెప్పి ఎరగరు. పెళ్లి భోజనాల్లో మారు వడ్డిస్తుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం కూడా అమర్యాదేనని ఆయన నమ్మకం. ఆ సుగుణం చూసే ఊరు ఆయన్ని కార్యదర్శిని చేసింది. ఆ సుగుణం వల్లే ఆయనకు షుగరు కూడా వచ్చింది.

కేంద్రం ముందు పంచాయతీ రోడ్డు మీద బుల్లెమ్మ ధాన్యం ఎండబోసి ఉంది. ఆమె కౌలు రైతు. నారు ఊడ్చినా, కోసినా, నూర్చినా అంతా తన రెక్కల మీదే. టోకెన్ వస్తే లారీ వస్తుంది, ధాన్యం మిల్లుకు చేరుతుంది. టోకెన్ రాకపోతే బంగాళాఖాతంలోంచి వాయుగుండం వస్తుంది (దానికి టోకెన్ అక్కర్లేదు). ఈ పంట గనక పాడైతే వచ్చే ఏడు ఆ చేను చేపల చెరువు చేసుకుంటానని భూమిగల ఆసామి చంద్రరావు గారు ఆమెను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి మరీ చెప్పారు. కొనుగోలు కేంద్రానికి అధ్యక్షులు కూడా ఆయనే.

“ఆయ్, టోకెను ఎప్పుడొత్తాదండి బాబూ? మబ్బట్టేత్తంది,” అని అడిగింది బుల్లెమ్మ, కిటికీ ఊచలు పట్టుకుని.

“ఈపూట అయిపోతుందండి,” అన్నారు పార్థసారథి గారు. అబద్ధమాడాలని కాదు. ‘అవదు’ అనే మాట ఆయన నోట పలకదు, అంతే.

కంప్యూటర్ ముందున్న ఉషారాణి, “ఏదో ఒక బ్రౌజర్ దించేద్దామండి. టీ చల్లారేలోపు అయిపోద్ది,” అంది. ఆ అమ్మాయి కాకినాడలో చదువుకుంది. పెద్దలను సంప్రదించకుండా ఏదైనా చేయవచ్చని అక్కడ నేర్పుతారు కాబోలు.

పార్థసారథి గారు పెద్దలను సంప్రదించారు. చంద్రరావు గారు తెర మీది బొమ్మలన్నీ చూసి, చేప బొమ్మ ఉన్న బ్రౌజర్ మీద వేలు పెట్టి, “చేప కలిసొస్తుందండి,” అన్నారు. మాజీ అధ్యక్షులు వెంకటరమణ గారు గుడ్లగూబ బొమ్మదాన్ని సూచించారు. సామర్లకోటలో ఉద్యోగం చేస్తున్న ఆయన అల్లుడు అదే వాడతాడట. “మా అల్లుడుగారి మాట చెప్పానండి. ఇంక మీ ఇష్టం,” అన్నారాయన. (గోదావరి జిల్లాల్లో ‘ఇంక మీ ఇష్టం’ అంటే, ఇంక మీ ఇష్టంతో పని లేదని.)

అందుచేత రెండూ దించారు. తెరవగానే చేప, ‘నన్ను మీ ప్రధాన బ్రౌజర్‌గా ఉంచుకుంటారా?’ అని అడిగింది. ఉంచుకుంటామన్నారు పార్థసారథి గారు. గుడ్లగూబా అదే అడిగింది.

“రెంటికీ అవునంటే కుదరదండి. దీనికి ఇత్తే దానికి పోద్ది,” అంది ఉషారాణి.

“గుమ్మంలోకొచ్చి నోరు తెరిచి అడుగుతుంటే లేదని ఎలా అంటామమ్మా?” అన్నారు ఆయన నొచ్చుకుంటూ.

చివరికి ఉభయులకూ గౌరవం దక్కేలా ఒక ఏర్పాటు చేశారు. టోకెన్ల వెబ్‌సైట్ గుడ్లగూబలో తెరవాలి. కేంద్రం మెయిల్ చేపలో తెరవాలి. వినడానికి అన్నదమ్ముల పంపకంలా సజావుగా ఉంది. అయితే బుల్లెమ్మ పేరు గుడ్లగూబలో ఎక్కిస్తే, నిర్ధారణ లింకు మెయిల్‌కు వస్తుంది. మెయిల్ చేపలో ఉంది. అక్కడ లింకు నొక్కితే వెబ్‌సైట్ చేపలోనే తెరుచుకుని, ‘మీరెవరు? మొదటినుంచి ప్రారంభించండి’ అంటోంది. మొదటినుంచి ప్రారంభించడానికి మళ్లీ గుడ్లగూబ దగ్గరికి వెళ్లాలి. అక్కడ ఎక్కించగానే మరో లింకు చేపలోకి వచ్చి కూర్చుంటోంది.

“ఆ లింకు తీసుకెళ్లి గుడ్లగూబలో అతికిత్తే సరిపోద్దండి,” అంది ఉషారాణి గొంతు తగ్గించి.

వెనక కుర్చీలో చంద్రరావు గారు చేప పనితీరు చూడ్డానికి వచ్చి కూర్చుని ఉన్నారు. ఆయన కళ్లెదుట చేప నోటి దగ్గరది తీసి గుడ్లగూబకు పెట్టడమా! పార్థసారథి గారు మళ్లీ మొదటినుంచి ప్రారంభించమన్నారు.

రెండు రోజులు ఇలాగే గడిచాయి. బుల్లెమ్మ పగలు ధాన్యం తిరగబోస్తూ, సాయంత్రం కుప్పచేసి బరకాలు కప్పుతూ, మధ్యలో కిటికీ దగ్గరికి వస్తూ పోతూ ఉంది. ఆమె గట్టిగా తిట్టి ఉంటే బాగుండేదని పార్థసారథి గారికి అనిపించింది. ఆమె తిట్టలేదు. “మీరున్నారు కదండీ,” అంది. ఆ మాటకు ఆయన ప్రాణం ఉసూరుమంది.

ఇంక లాభం లేదని ఆయన ధైర్యం కూడగట్టుకుని, చేపను తీసేస్తామని చెప్పడానికి చంద్రరావు గారింటికి బయల్దేరారు. దారి పొడవునా ఆ వాక్యాన్ని వల్లె వేశారు. వెళ్లేసరికి భోజనాల వేళ అయింది. కందా బచ్చలి కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ వడియాలు. చంద్రరావు గారి భార్య సూర్యకళ గారు దగ్గరుండి కొసరి కొసరి వడ్డించారు. కందా బచ్చలి మూడోసారి పడ్డాక ఆ విస్తరి ముందు కూర్చుని ‘మీ చేప వద్దండి’ అనగల మనిషి ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు. “ఏదో పనిమీద వచ్చినట్టున్నారు?” అని చంద్రరావు గారు అడిగితే, “చేప బ్రహ్మాండంగా పనిచేస్తోందండి. అది చెబుదామనే,” అన్నారు పార్థసారథి గారు.

ఆయన చెయ్యి కడుక్కుంటుండగా వాన మొదలైంది.

మూడు రోజులకు అది జల్లుగా తగ్గేసరికి రోడ్డు కాలవైంది. బరకాల కింద ధాన్యం నాని, ఆపైన ముక్కి, తెల్లగా మొలకలు వేసింది. పార్థసారథి గారు గొడుగు పట్టుకుని వెళ్లి చూసి, గొడుగు ఆమెకిచ్చి తడుస్తూ వచ్చేశారు.

అప్పుడు ప్రత్యేకాధికారి నుంచి సందేశం వచ్చింది. వెబ్‌సైట్‌లో సాంకేతిక లోపం సరిచేయబడింది, లినక్స్‌తోపాటు వచ్చిన బ్రౌజరే ఇకపై చెల్లుతుంది, ప్రత్యామ్నాయం ఎంచుకున్నవారు తమ స్వేచ్ఛను తక్షణం ఉపసంహరించుకోవాలి. ఉషారాణి పాత బ్రౌజర్ తెరిచింది. బుల్లెమ్మ టోకెన్ చిటికెలో వచ్చింది. తేమ ఎంతని వెబ్‌సైట్ అడిగితే ఉన్నది ఎక్కించారు. ‘తేమ ఎక్కువైనందున మీ ధాన్యం తిరస్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ అని వచ్చింది.

“ఏటంటందండి?” అని అడిగింది బుల్లెమ్మ.

పార్థసారథి గారు తల వంచుకుని ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పారు. “ఎంత ఎక్కువిస్తే వాళ్లకు అంత మంచి పేరటండి. అయిదున్నాయి,” అన్నారు.

బుల్లెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఇచ్చేయండి బాబూ. నా దగ్గర ఇంకేటున్నాయి ఇవ్వడానికి?”

మరుసటి వారం ఆమె దున్నిన చేలో చెరువు తవ్వే యంత్రం దిగింది. అదే వారం, రైతులు అత్యంత సంతృప్తిగా ఉన్న కొనుగోలు కేంద్రంగా సత్తెమ్మలంక జిల్లాలో మొదటి స్థానం పొందింది.