మిద్దె కింద జాకీ

ఆదివారం ఇడ్లీలు తిన్నాక మిద్దె ఊగుడు సంగతి తేల్చేయాలని చంద్రమోహన్ నిశ్చయించుకున్నాడు. ఆత్మకూరు బజారులో ఇరవై ఏళ్ళుగా ఇనప సామాన్ల అంగడి నడుపుతున్న మనిషి. మేకులు అమ్మేవాడికి మేకు కొట్టడం రాదా అన్నది ఆయన ధీమా.

ఆ ఇంటి మిద్దె నేల చెక్కపలకలది. నడిస్తే మధ్యలో దిగుతూ లేస్తూ ఉంటుంది. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఆయన భార్య ప్రమీలారాణి తనతో కలిపి పదహారుమంది ఆడవాళ్ళతో కోలాటం బృందం కట్టింది. పది గంటలకు మొదటి సాధన ఆ మిద్దె మీదే. అందుకని ఉదయగిరి నుంచి వడ్రంగి పెంచలనరసయ్యను పిలిపించింది.

"గంటలో అయ్యే పనికి ఉదయగిరి మనిషెందుకు? దూలం కింద ఇనప గొట్టం నిలబెట్టి జాకీతో ఎత్తితే సరి," అన్నాడు చంద్రమోహన్.

"ముందు ఆయన్ని చూడనీండి," అని ప్రమీలారాణి బృందాన్ని పిలుచుకు రావడానికి వెళ్ళింది.

పెంచలనరసయ్య తొమ్మిదికల్లా వచ్చాడు. కింద నుంచి దూలాలన్నీ చూశాడు. పైగదిలోకి వెళ్ళి, గాలికి కాగితం ఎగురుతోందని తలుపు మూసుకుని కొలతలు రాసుకోసాగాడు. అతను దిగివచ్చేలోపు పని పూర్తిచేసి చూపించాలని చంద్రమోహన్‌కు పట్టుదల పుట్టింది. తెలిసిన లారీ డ్రైవరును అడిగి తెచ్చిన పాత జాకీ సిద్ధంగానే ఉంది. దాని మీద గొట్టం నిలబెట్టి పిడి కొట్టాడు. కొట్టేకొద్దీ దూలం కిర్రుమంటూ లేచింది.

పైనుంచి కేక వినిపించింది. "అన్నా, దించు, దించు."

పలకలు దాటి వచ్చేసరికి ఆ మాట చంద్రమోహన్ చెవిలో "పెంచు, పెంచు" అని పడింది. ఆయన ఛాతీ పొంగింది. "పెంచతానే ఉండాను నరసయ్యా," అని ఇంకో పది దెబ్బలు వేశాడు. పైన నేల మధ్యలో గూనిలా లేచింది. గది తలుపు చట్రంలో బిగుసుకుపోయింది. నరసయ్య తలుపు బాదుతుంటే, వడ్రంగి కూడా సుత్తి అందుకున్నాడని చంద్రమోహన్ సంతోషించాడు.

పక్కింటి విజయకుమారి ప్రహరీ మీదుగా అడిగింది. "ఏందన్నా ఆ బాదుడు?"

"వడ్రంగి లోపల బిగిస్తా ఉండాడు."

ఆమె సగమే విని, వడ్రంగి లోపల బిగుసుకుపోయినాడని వీధికంతా చెప్పింది. ఆ ఉదయం ఆ ఇంటి గురించి పుట్టిన మాటల్లో నిజమైంది అదొక్కటే.

ప్రమీలారాణి బృందంతో సహా పరుగున వచ్చి, మెట్లెక్కి తలుపు నెట్టింది. కదల్లేదు.

"గడియ తియ్యి నరసయ్యా."

"తీసి అరగంటైందమ్మా. దించమంటే అన్న పెంచతా ఉండాడు. దించమని చెప్పు."

ఆమె మెట్ల మీద నుంచి వంగింది. "ఆయన దించమంటా ఉండాడండీ. పెంచమని కాదు."

చంద్రమోహన్ జాకీ మర తిప్పాడు. దిగలేదు. రెండు చేతులతో తిప్పాడు. అయినా దిగలేదు. "ఎక్కేదే గానీ దిగేది తెలీని జాకీ ఇది," అని తప్పు దాని మీదికి తోశాడు గానీ, చూపు మాత్రం దూలం మీదే ఉంది. పైనున్నది పని కోసం పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి. దూలం విరిగితే ఏం చెప్పాలి?

లోపలి నుంచి నరసయ్య నిదానంగా అడిగాడు. "అమ్మా, మీరు ఎంతమంది ఉండారు?"

"పదహారుమందిమి."

"అందరూ తలుపు కాడ నిలబడి ఒక ఆట వెయ్యండి. పలకలు అణిగితే తలుపు వదులుతాది."

కోలాటం కర్రలు కలిశాయి. పదహారు జతల కాళ్ళు ఒక్కసారిగా పడ్డాయి. మూడో అడుగుకు కింద జాకీ బుస్సుమని దిగింది. ఒరిగిన గొట్టం మీద పడకుండా చంద్రమోహన్ ఒక్క గెంతున పక్కకు తప్పుకున్నాడు. నాలుగో అడుగుకు తలుపు దానంతటదే తెరుచుకుంది.

నరసయ్య బయటికి వచ్చి, చెంబెడు నీళ్ళు తాగి అన్నాడు. "దూలాలు రాయి మాదిరి ఉండాయి. వాటిని కదలకుండా కలిపి పట్టే అడ్డపట్టీలే మధ్యన లేవు. మేకుల గుర్తులు ఉండాయి. ఎవరో తెలివిలేనోడు పీకేసినాడు. అందుకే ఊగతా ఉండాది."

ప్రమీలారాణి భర్త వైపు చూసింది. "మూడేళ్ళ కింద ఫ్యానుకు అడ్డమొస్తా ఉండాయని ఈయనే పీకినాడు."

ఆడవాళ్ళంతా కర్రలు దించి చంద్రమోహన్ వైపు తిరిగారు.

"ఆ ఏడు ఎండలు జాస్తి," అన్నాడు.

అడ్డపట్టీలు కొట్టడం ఒక్కరోజు పని. చంద్రమోహన్ పక్కనే నిలబడి సలహాలు ఇవ్వడం వల్ల మూడు రోజులు పట్టింది.